కోరుట్ల దారిలో పోయిన బోనస్

మొన్న మా బిడ్డ జగిత్యాల నుంచి ఫోన్ చేసి, కారు ఇన్సూరెన్స్ ఈసారి బాగా పెరిగిందనీ, పోయినేడు క్లెయిమ్ చేసినందుకు బోనస్ తీసేశారనీ చెప్పి చిన్నబుచ్చుకుంది. ఆగి ఉన్న కారును ఎవరో వెనక నుంచి గుద్ది చెప్పకుండా పోయారట. "ఇందుల నా తప్పేంది బాపు?" అంది. సరిగ్గా ఆ మాటే నేనూ ఒకప్పుడు అడిగాను.

అప్పట్లో నేను సిరిసిల్లలో సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసే పని మానేసి, పాత వ్యాను ఒకటి కొని కిరాయికి తిప్పేవాణ్ణి. సాంచల చప్పుడు చెవుల్లోంచి పోవడానికి చాలాకాలం పట్టింది గానీ, స్టీరింగు మాత్రం చేతికి తొందరగానే అలవాటైంది. మా స్టాండుకు స్కూటరు మీద వచ్చే ఇన్సూరెన్స్ ఏజెంటు మా ఇంటామెకు అన్న వరస, అంటే నాకు బావ. క్లెయిమ్ చేయని ప్రతి ఏడూ ప్రీమియం కొంత తగ్గుతుందని ఆయన చెప్పినప్పటి నుంచీ, ఆ తగ్గింపు నాకు బడిలో ఎన్నడూ రాని బహుమతిలా తోచేది. చిన్నచిన్న సొట్టలు పడితే సొంత ఖర్చుతోనే బాగుచేయించుకునేవాణ్ణి, బోనస్ పోతుందేమోనని.

ఒకరోజు పెళ్ళివారిని కోరుట్లలో దించి ఖాళీ బండితో తిరిగివస్తుంటే, ఒక మలుపులో మేకపిల్ల వెంట చిన్నపిల్ల రోడ్డు మీదికి పరుగెత్తుకొచ్చింది. ఆలోచించే వ్యవధి లేదు, చేతులే తిప్పాయి. వ్యాను కల్వర్టు గోడకు గుద్దుకుని ముందు భాగమంతా నలిగిపోయింది. దిగి చూస్తే ఆ పిల్ల మేకపిల్లను చంకనెత్తుకుని, నన్ను కాదు, వ్యానును జాలిగా చూస్తోంది. బీడీలు చుడుతున్న చేట వదిలేసి ఇంట్లోంచి ఉరికొచ్చిన తల్లి, బిడ్డను తడిమి తడిమి చూసుకుని, నా నుదుటి నెత్తురు కొంగుతో తుడిచింది.

ఆ దెబ్బ సొంత ఖర్చుతో తీరేది కాదు, క్లెయిమ్ చేయక తప్పలేదు. బండి షెడ్డులో ఉన్నన్నాళ్ళూ మా ఇంటామె చుట్టిన బీడీలతోనే ఇల్లు గడిచింది. మరుసటి ఏడు బావ వచ్చి, బోనస్ పోయింది, ప్రీమియం పెరిగింది అనేసరికి నాకు కోపం ఆగలేదు. పసిదాన్ని కాపాడినందుకా ఈ జరిమానా, ఇందులో నా తప్పేమిటని అడిగాను. బావ చాయ గ్లాసు కింద పెట్టి, "కంపినీవోళ్ళకు పోరి కనవడది బావా, క్లెయిమే కనవడ్తది" అన్నాడు. మా ఇంటామె బీడీ ఆకు కత్తిరిస్తూ, తల ఎత్తకుండానే, "పోరి సల్లగ నడుస్తున్నది గద. ఎక్కువైన పైసలు దాని పేరు మీద కట్టినమనుకో" అంది.

అలా అనుకోవడానికి నాకు కొంతకాలం పట్టింది. ఆ తర్వాత ప్రతి ఏడూ ప్రీమియం కట్టే రోజులు వచ్చాయంటే, "పోరి ఎట్లున్నదో సూసి రారాదా" అని ఆమే గుర్తుచేసేది. కోరుట్ల కిరాయి దొరికినప్పుడు ఆ మలుపులో ఆగేవాణ్ణి. తల్లి చల్ల ఇచ్చేది. పిల్ల మొదట్లో తలుపు చాటు నుంచి, తర్వాత పుస్తకాల సంచితో, ఆపైన సైకిలు మీద కనిపించేది. పోయిన బోనస్ మెల్లమెల్లగా మళ్ళీ వచ్చి చేరింది గానీ, అప్పటికి దాని మీద నాకు ఆ మోజు లేదు. ఆ పిల్ల పెళ్ళికి చుట్టాలను నా వ్యానులోనే తీసుకుపోయాను. తల్లి ఎంత బతిమాలినా మా ఇంటామె నన్ను కిరాయి ముట్టనివ్వలేదు.

ఇప్పుడు మా ఇంటామె లేదు, బావా లేడు. ప్రీమియం పెరిగిందని ఫోను చెబుతుంది, ఫోనులోనే కట్టేస్తారు, కోప్పడదామన్నా ఎదురుగా చాయ తాగుతూ మనిషి ఉండడు. ఈమధ్య ఒక పెళ్ళికి కిరాయి కారులో కోరుట్ల పోతూ, ఆ మలుపు దగ్గర కాసేపు ఆపమని చెప్పి, దానికోసం కిటికీ అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాను. రోడ్డు వెడల్పు చేసి, మలుపు తీసేసి, దారి తిన్నగా వేశారు. కారు నడుపుతున్న కుర్రవాడు ఎక్కడ ఆపాలని అడిగాడు. ఎక్కడని చెప్పను, పోనిమ్మన్నాను.