ఎనిమిది నెలల పోస్టు

నేను చేరిన కొత్తలో మా ఆదోని ఆఫీసులో కుర్చీల కోసం పోట్లాడుకునేవాళ్ళం. పత్తి మార్కెట్ యార్డుకు కాస్త ఇవతల, మేడ మీద రెండు గదులు. పిల్లల చదువు కోసం ఎన్నో దేశాల్లో పనిచేసే పెద్ద సంస్థ మాది. పేరు చెబితే బయటివాళ్ళు అద్దాల మేడలు ఊహించుకుంటారు. మా దగ్గర మాత్రం వానొస్తే కంప్యూటర్ల మీద ప్లాస్టిక్ పట్ట కప్పాల్సిందే. అయినా ఆ రోజుల్లో సందడిగా ఉండేది. ఇప్పుడు ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నా అడిగే నాథుడు లేడు.

మా సంస్థ ఎవరినీ తీసేసిన పాపాన పోలేదు. ఒకామె పెళ్ళయి బళ్ళారి వెళ్ళిపోయింది, ఒకబ్బాయికి ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది, ఒకాయన రిటైరయ్యాడు. ప్రతిసారీ పైనుంచి ఒకటే మాట: ప్రస్తుతానికి ఆ ఖాళీ నింపవద్దు, ఉన్నవాళ్ళు పని సర్దుకోండి. సర్దుకుంటూ సర్దుకుంటూ చివరికి నేనూ, ఒక అకౌంటెంటూ, ఒక డ్రైవరూ మిగిలాం. ఉత్తరాలు టైపు చేయడానికి చేరినదాన్ని, సిబ్బంది వ్యవహారాలన్నీ నా నెత్తిన పడ్డాయి. సిబ్బందే లేని చోట సిబ్బంది అధికారిని. ఒకప్పుడు శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి పోవాలని అందరూ ఒకేసారి సెలవు అడిగితే గొంతు పోయేలా అరిచేదాన్ని. ఇప్పుడు అరవాలన్నా మనుషులు కావాలి కదా.

పొద్దున్నే ఎమ్మిగనూరులో బస్సెక్కి, కిటికీకి తల ఆనించి, ఆదోని వచ్చేదాకా కునుకు తీయడం నాకు అలవాటు. ఇంట్లో నిద్ర పట్టదు, బస్సులో పడుతుంది. ఆ దారిలోనే, రోడ్డు మీద నుంచి కాస్త లోపలికి వెళ్తే, మా సంస్థ ఇంకా నడుపుతున్న ఒకే ఒక్క హాస్టల్ ఉన్న పల్లె వస్తుంది.

హాస్టల్ అంటే పెద్ద కట్టడమేమీ కాదు, బడి పక్కన ఒక పొడుగాటి గది. మా వైపు కార్తీక మాసం దాటాక పల్లెలు సుగ్గికి పోతాయి. ఇక్కడ పని ఉండదు కాబట్టి ఇంటికి తాళం వేసి, వాకిలికి ముళ్ళకంప అడ్డం పెట్టి, పత్తి తీయడానికీ మిరపకాయలు కోయడానికీ గుంటూరు వైపు లారీల్లో వెళ్ళిపోతారు. మళ్ళీ ఉగాదికి వస్తారు. వాళ్ళ వెంట పోయిన పిల్లలకు ఆ నాలుగు నెలలూ బడి ఉండదు, ఆ తర్వాత బడి మీద మనసూ ఉండదు. అలా కాకుండా పిల్లలను ఊళ్ళోనే ఉంచి, వండిపెట్టి, బడికి పంపి, రాత్రి పక్కన పడుకోవడానికి మేం ఒకామెను పెట్టాం. ఆ ఊరామే. చిన్నప్పుడు తనూ సుగ్గికి పోయి చదువు పోగొట్టుకున్న మనిషి. మొగుడు ఏటా వెళ్తాడు. ఈ ఉద్యోగం వచ్చాక ఆమె వెళ్ళడం మానేసింది. కూతురు ఏడో తరగతి, ఆ పిల్లలతో పాటే తింటుంది, వాళ్ళతో పాటే చదువుతుంది. ఊరి చర్చిలో ఆదివారం ప్రార్థన అయ్యాక తల్లిదండ్రుల ఫోన్లు వస్తే పిల్లలను ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడించేది. ఆమె మీద నాకు ఒక్క ఫిర్యాదూ రాలేదు. నా ఉద్యోగంలో అది చిన్న విషయం కాదు.

సంక్రాంతి వెళ్ళాక ఢిల్లీ నుంచి సిబ్బంది సమీక్షకని ఒకాయన వచ్చాడు. మర్యాదస్థుడు, నేనిచ్చిన ఉగ్గాని బజ్జీ రెండోసారి పెట్టించుకుని మరీ తిన్నాడు. ఎక్కడ ఎంతమంది ఉండాలో తేల్చడం ఆయన పని. ఒక కార్యకర్తకు ఇన్ని కుటుంబాలు అని అన్ని దేశాలకూ కలిపి ఒకటే కొలత పెట్టుకున్నారు. ఆ కొలత పట్టుకుని ఆయన పల్లె వీధుల్లో ఎండలో తిరిగాడు. ఏ ఇల్లు చూసినా తాళం, ఏ వాకిలి చూసినా కంప. ఒక ముసలామె, నాలుగు కుక్కలు తప్ప ఎదురొచ్చినవాళ్ళు లేరు. పిల్లలు బడిలో ఉన్నారని గది తలుపు తీసి చుట్టిపెట్టిన పక్కలు చూపించాను. తలూపాడు. పిల్లలు బడి లెక్కలో ఉన్నారు, మన లెక్క కుటుంబాలది, ఈ ఊళ్ళో కుటుంబాలు కనిపించడం లేదు కదా అన్నాడు.

కుటుంబాలు లేవు కాబట్టే ఆమె ఉందని నేను చెప్పాను. వాళ్ళంతా ఉగాదికి తిరిగి వస్తారని, మళ్ళీ కార్తీకం దాటేదాకా ఊరు నిండుగానే ఉంటుందని విడమరిచి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. నా మాట ఎక్కిందని సంబరపడ్డాను.

ఎక్కింది, ఎక్కాల్సిన దానికంటే ఎక్కువే ఎక్కింది. నెల తిరిగేసరికి కంప్యూటర్ తెర మీద మీటింగు పెట్టారు. ఏ దేశంలోనో కూర్చున్న పెద్దావిడ, మా ఢిల్లీ ఆయన, కింద చిన్న గడిలో నేను. పోస్టు తీసేయాలనే మొదట అనుకున్నారట. నేను చెప్పిన స్థానిక పరిస్థితిని దృష్టిలో పెట్టుకుని మధ్యేమార్గం చూశారట. ఊళ్ళో కుటుంబాలు ఉండే ఎనిమిది నెలలూ పోస్టు ఉంటుంది. వాళ్ళు ఉండని నాలుగు నెలలూ ఉండదు. ఇంత వివరంగా చెప్పినందుకు పెద్దావిడ నాకు కృతజ్ఞతలు కూడా చెప్పింది. తలకిందులుగా అర్థం చేసుకున్నారని నేను మూడు రకాలుగా చెప్పి చూశాను. మధ్యలో మా ఇంటర్నెట్ పోయింది. వచ్చేసరికి వాళ్ళు వేరే దేశం గురించి మాట్లాడుకుంటున్నారు. ఆ తర్వాత ఉత్తరాలు రాశాను, మళ్ళీ రాశాను. వచ్చే ఏడాది బడ్జెట్ సమయంలో చూద్దాం అని జవాబు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఆ మంట కూడా ఎక్కువ రోజులు లేదు. ఈ వయసులో కోపం నిలబెట్టుకోవడం కూడా ఒక పనే.

ఆమెకు చెప్పడానికి నేనే వెళ్ళాను. చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. జనం ఊళ్ళో ఉన్నన్ని నెలలూ నీకు పని ఉంటుంది, వాళ్ళు సుగ్గికి పోయినప్పుడు ఉండదు అని చెప్పాను. నవ్వింది.

"మేడం, మీరు తిరగేసి సెప్తాండారు."

"లేదమ్మా, సరిగానే చెప్తాండా."

నవ్వు ఆగింది. చేట పక్కన పెట్టింది. తన జీతం సంగతి ఆమె అడుగుతుందని నేను జవాబు తయారు చేసుకుని వెళ్ళాను. ఆమె అది అడగలేదు. "మరి పిల్లోళ్లు?" అంది.

ఉగాది నుంచి కార్తీకం దాకా ఆమె ఉద్యోగం చేసింది. పిల్లలు వాళ్ళ వాళ్ళ ఇళ్ళలో తల్లుల దగ్గర పడుకునేవాళ్ళు. ఈమె గది ఊడ్చి, గడపలో కూర్చుని, సాయంత్రానికి తాళం వేసేది. పని చేయకుండా జీతం తీసుకోవడం సిగ్గుగా ఉందని ఒకసారి ఫోన్ చేసి చెప్పింది. ఆ ఎనిమిది నెలలకు పైనుంచి ఆమెకు మంచి మార్కులు వచ్చాయి. కార్తీకం వెళ్ళింది, పోస్టు ఆగింది. బడి హెడ్మాస్టరును బతిమాలాను. పిల్లలు బడిలో పడుకోవచ్చు గానీ రాత్రిళ్ళు కాపలా ఎవరు ఉంటారమ్మా అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు.

వారం తిరక్కుండా ఒక పొద్దున ఆమె కూతురు మెట్లెక్కి మా ఆఫీసుకు వచ్చింది. అమ్మ కింద ఉంది, పిలుస్తోంది అంది. దిగి చూస్తే టీ అంగడి ముందు లారీ ఆగి ఉంది. మూటలు, బిందెలు, బియ్యం సంచులు, వాటి మీద పిల్లలు. ప్రతి మొహమూ నాకు తెలుసు. హాస్టల్ పిల్లలందరూ ఉన్నారు. చూసుకునే మనిషి లేక తల్లిదండ్రులు వెంట తీసుకుపోతున్నారు. కూలీలను తీసుకుపోయే మేస్త్రి ఈమెకూ లారీలో చోటిచ్చాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆమె సుగ్గికి పోతోంది, కూతురిని తీసుకుని.

పోస్టు మళ్ళీ ఉగాదికి మొదలవుతుందని చెప్పాను. అది చెప్పినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. ఆమె నా చేయి పట్టుకుని, నన్ను ఓదారుస్తున్నట్టే మాట్లాడింది.

"పిల్లోళ్లు ఈసారి గూడ నా కాడే ఉంటారులే మేడం. మిరపసేను గట్టున."

లారీ వెళ్ళిపోయాక మెట్లెక్కాను. పైకి వచ్చేసరికి ఢిల్లీ నుంచి మెయిలు. కొత్త పద్ధతి సరిగ్గా అమలవుతోందా, ఈ నెలల్లో ఆ ఊళ్ళో కుటుంబాలు లేవన్న సంగతి నిర్ధారించి రాయమన్నారు. కుటుంబాలు లేవు, పిల్లలు కూడా లేరు, మన మనిషి కూడా లేదు అని రాసి పంపాను. మధ్యాహ్నం లోపలే జవాబు వచ్చింది, ధన్యవాదాలు అని.