పిల్లలతో ఆడిన కుక్క

తిరుపతిలో అద్దె ఇంట్లో ఉన్నప్పుడు మాకు ఎనిమిది నెలల కుక్క ఉండేది. ఎర్రటి నాటుకుక్క. మా పాపకు అప్పుడు ఐదేళ్లు. ఇద్దరూ కలిస్తే వరండా దద్దరిల్లేది. పాప పరిగెత్తితే అది వెంటపడి గౌను అంచు నోట పట్టుకునేది. పాప కేకలేసే కొద్దీ దానికి ఇంకా హుషారు.

టీకా వేసే పశువుల డాక్టరును అడిగితే, ఇద్దరూ పసిపిల్లలే కదమ్మా అన్నాడు. అది మీద పడితే అరవకుండా, పరిగెత్తకుండా చేతులు కట్టుకుని నిలబడమని పాపకు నేర్పమన్నాడు. కుక్కకు కొరుక్కోవడానికి తాడుముక్క ఇవ్వమన్నాడు. పెద్దవాళ్లు పక్కన లేకుండా ఆడనివ్వొద్దన్నాడు. నెల రోజులు పట్టింది. పాప నేర్చుకుంది, కుక్కా నేర్చుకుంది. ఆ ఇంట్లో నాకు గర్వంగా అనిపించిన పని అదొక్కటే.

వేసవి సెలవులకు మా ఆయన అక్క, నాలుగేళ్ల కొడుకుతో చిత్తూరు నుంచి వచ్చింది. వాడు కుక్క తోక లాగేవాడు, చెవులు పట్టుకుని వీపు మీదికెక్కేవాడు. అది మూతి పక్కకు తిప్పుకుని తప్పించుకోవాలని చూసేది. నేను వాణ్ణి దింపినప్పుడల్లా అందరూ నవ్వేవారు. మా ఆయన ఫోనులో వీడియో తీస్తూ, ఇంకోసారి ఎక్కమని ఉసిగొల్పేవాడు.

"పిల్లకాయలు ఆడుకుంటా ఉండారు. నువ్వేందమ్మా, పోలీసు మాదిరి?" అనింది వదిన.

నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు సాయంత్రం వాడు మళ్లీ ఎక్కుతుంటే చూసి కూడా, ఏమీ అనకుండా బట్టలు తీయడానికి మిద్దె మీదికి వెళ్లాను. వాళ్లకే తెలిసిరావాలనుకున్నాను.

ఏడుపు విని దిగేసరికి వాడి చెంప మీద రక్తం. పెద్ద గాయం కాదు. ఆసుపత్రిలో కడిగి సూది వేశారు. ఇంట్లో ఎవరూ వీడియోల మాట ఎత్తలేదు. చూసీ చూడనట్టు పైకి వెళ్లిన సంగతి నేనూ ఎత్తలేదు. మూడో రోజు మా ఆయన కుక్కను వడమాలపేట దగ్గర వాళ్ల చిన్నాన్న మామిడితోపులో వదిలి వచ్చాడు.

పాప పోరు పెట్టగా పెట్టగా, మరుసటి ఏడు కాయల కాలంలో తీసుకెళ్లాను. మోటారు షెడ్డు పక్కన గొలుసుతో కట్టేసి ఉంది. నన్ను చూసి తోక ఊపింది. నా వెనక నుంచి పాప ముందుకు రాగానే పళ్లు బయటపెట్టి, గొలుసు తెగేలా దూకింది.

"మంచి కుక్కమ్మా," అన్నాడు మా ఆయన చిన్నాన్న తృప్తిగా. "కాయల కోసం పిల్లకాయలు తోపులోకి దూరతా ఉంటారు గదా. నాలుగు దినాలు పిల్లకాయల చేతనే కట్టెతో పొడిపించినాము. ఇప్పుడు చిన్నబిడ్డ కనపడితే సాలు, వదిలిపెట్టదు."

ఆయనిచ్చిన కాయల సంచి తీసుకుని బస్సెక్కాం. తిరుపతి దగ్గర పడుతుండగా పాప, నేనేం చేశానమ్మా దాన్ని అని అడిగింది. నువ్వేమీ చేయలేదన్నాను. మరి ఎవరు చేశారని అడిగితే, సంచి జారిపోతోంది పట్టుకో అన్నాను.