ఆమదాలవలస మీదుగా బేత్లెహేము

మా చిన్నప్పుడు... బేత్లెహేముకి రైలు ఉండేది. నవ్వకండి. ఆమదాలవలసలో మా ఇంటి ముందుగదిలో రెండు బల్లలు కలిపి వేసి, వాటి మీద మా మామ్మ క్రిస్మస్‌కి కట్టే పశువుల పాక పక్కనుంచే వెళ్లేది.

డిసెంబరు వచ్చిందంటే మామ్మకి ఒక కాలు వంటింట్లో, ఒక కాలు పాక దగ్గర. కొత్త వరిగడ్డితో పైకప్పు... పళ్లెంలో చోళ్లు, అదే రాగులు, మొలకెత్తిస్తే పచ్చిక... సిమెంటు సంచి కాగితం నలిపి, మట్టినీళ్లలో ముంచి ఆరబెడితే కొండ. బొమ్మలు మాత్రం ఒక్కోటి ఒక్కో ఏడాది కొన్నవి. అందుకని మా బేత్లెహేములో ఒంటె కంటే గొర్రె పెద్దది. యోసేపు నిలబడితే తల చూరుకి తగిలేది. అదో తప్పని మాకెవరికీ తోచలేదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, రెండువేల పన్నెండు ప్రాంతంలో, శ్రీకాకుళం ఎగ్జిబిషన్‌లో నాన్న నాకో రైలు కొన్నాడు. ఇంజనూ మూడు పెట్టెలూ... ఒక్కోటి అగ్గిపెట్టె కంటే చిన్నది. బ్యాటరీ లేదు, కీ లేదు, దారం కట్టి లాగాలి. ఈసారి దీన్ని పాకలో పెడదామని మామ్మ వెనకాల పడ్డాను. యేసు పుట్టిన ఊళ్లో రైలేమిటని అమ్మ అడ్డుపడింది. మామ్మ గడ్డి సర్దుతూనే తీర్పు చెప్పేసింది.

"పండక్కి మనోలందరూ రైలెక్కే కదా వస్తారు. బాలయేసుని సూడొచ్చే జ్ఞానులు మాత్రం నడిసి రావాలేటి?"

ఇక నా కాళ్లు నేల మీద ఆగితే ఒట్టు. ఇంటింటికీ పాడుతూ తిరిగే క్యారల్స్ వాళ్లు మా ఇంటికి వచ్చే సాయంత్రం రైలు నడిపేది నేనేనని సండేస్కూల్లో అందరికీ చాటేశాను.

పండగ దగ్గర పడ్డాక కొత్తవలస నుంచి మా అత్త, బావ దిగారు. బావ నాకంటే కాస్త పెద్ద. చంకలో ఓ అట్టపెట్టె. విప్పితే... మూరెడు ఇంజను, ముందు లైటు, నొక్కితే కూత, పట్టాలతో సహా! ఇంట్లో అందరూ దాని చుట్టూ చేరిపోయారు. బావ దాన్ని తెచ్చి నా రైలు పక్కన పెట్టాడు.

"ఇది రైలేటే? గొంగళిపురుగులాగున్నాది."

అమ్మతో సహా అందరూ నవ్వారు. నాకూ కనిపిస్తూనే ఉంది... బావ రైలు దగ్గర జ్ఞానులు ప్రయాణికుల్లా ఉన్నారు. నా రైలు దగ్గర రాక్షసుల్లా ఉన్నారు. రెండూ ఒకచోట బాగుండవు, ఏదో ఒకటే పెడదామన్నారు. ఏది పెడతారో తెలుస్తూనే ఉంది కదా. మొహం మాడ్చుకుని పెరట్లో కూర్చుని, కడుపు నిండా ఏడ్చాను.

మర్నాడు మధ్యాహ్నం బావ వాళ్ల నాన్న, అంటే మా మావయ్య, వస్తున్నాడని, నన్ను ఊరడించినట్టూ ఉంటుందని, నాన్న స్టేషనుకి తీసుకెళ్లాడు. ప్లాట్‌ఫారం చివర నిలబడి విజయనగరం వైపు చూస్తున్నాను. దూరంగా, పట్టాలు రెండూ కలిసినట్టు కనిపించే చోట... నా రైలు! నిజంగా అంతే ఉంది. చూస్తుండగానే చెయ్యంతయింది, తలుపంతయింది, చివరికి ప్లాట్‌ఫారం అదిరేలా మీదికి వచ్చేసింది. మావయ్య దిగేసరికి నేను గెంతుతున్నాను. తనని చూసే అనుకుని ఆయన మురిసిపోయాడు, పాపం.

ఇంటికి రాగానే బావని పట్టుకున్నాను. నా రైలు వెనక, కొండ మీద ఉంటుంది... నీది ముందు, కింద. నాది పై సొరంగంలో దూరగానే, కింది సొరంగంలోంచి నీది రావాలి. చూసేవాళ్లకి ఒకటే రైలు దగ్గరికొచ్చినట్టు ఉంటుందని చెప్పాను. బావ కాసేపు తల గోక్కున్నాడు. ఆ తర్వాత నాకంటే తనకే ఎక్కువ పిచ్చి పట్టింది. అగ్గిపెట్టెలతో చేసిన ఇళ్లు వెనక్కి, చెప్పుల అట్టపెట్టెల ఇళ్లు ముందుకి మార్చేశాం. ఒంటెలు దూరాన్నుంచి వస్తున్నాయి కాబట్టి వెనక్కి... గొర్రె ముందుకి. ఏళ్లుగా కుదరని బేత్లెహేము ఆ పూటకి కుదిరిపోయింది.

సందె వేళ క్యారల్స్ వాళ్లు వచ్చారు. గది నిండిపోయింది. పాట అయ్యాక నేను కొండ వెనక నక్కి దారం లాగాను. నా రైలు మెల్లగా కొండెక్కి సొరంగంలో దూరింది. ఇప్పుడు బావ రైలు రావాలి... రాదే! చక్రానికి గడ్డి చుట్టుకుపోయింది. అందరూ సొరంగం వైపే చూస్తున్నారు. మామ్మ మాత్రం ఏమీ జరగనట్టు అంది...

"అవుటర్లో ఆపేసుంటారు. మనూరికి ఏ రైలు టయానికొచ్చినాది గనక."

గది గొల్లుమంది. ఆ నవ్వుల్లోనే బావ గడ్డి పీకేశాడు. లైటు వెలిగింది... కూత వేసుకుంటూ పెద్ద రైలు బయటికొచ్చి సరిగ్గా జ్ఞానుల ముందు ఆగింది. చప్పట్లే చప్పట్లు.

క్యారల్స్ వాళ్లలో ఒక తాతగారు, సోడాబుడ్డి కళ్లద్దాలాయన, ముందుకొచ్చి వంగి చూశారు. ఆయన నిజంగానే ఒకటే రైలనుకున్నారు. ఇది ఎవరి రైలు అని అడిగారు. అందరి కళ్లూ ఆ లైటు మీదే ఉన్నాయి. నాది అని బావ ఒక్క మాటంటే చాలు, ఆ చప్పట్లన్నీ తనవే. నేను కొండ వెనక దారం పట్టుకుని అలాగే ఉండిపోయాను.

"మా మరదలిదే తాతా. నాను లైటేసానంతే."

గొంగళిపురుగన్న నోరే అది... నాకు ఎంత సంతోషమేసిందంటే, ఆ రాత్రి నా వాటా కజ్జికాయలన్నీ బావకే ఇచ్చేశాను. మొహమాటం లేకుండా తినేశాడు కూడా.

ఇప్పుడు పాకలు సెట్టుగా వస్తున్నాయి. యోసేపు, గొర్రె, ఒంటె... అన్నీ కొలిచి చేసినట్టు ఉంటాయి. పెట్టె తెరిచి ప్లగ్గు పెడితే చాలు. బాగుంటాయి, కాదనను. కానీ దేని పక్కన ఏది పెట్టాలా అని పోట్లాడుకుని, మళ్లీ ఒకరి రైలుకి ఒకరు దారివ్వడం... అది ఆ పెట్టెలో రాదు.

మీ ఇంట్లోనూ ఏ ఏనుగంత కారు పక్కనో చీమంత బస్సు నిలబెట్టే ఉంటారు... దాని కోసం ఎవరితో తగువుపడ్డారో రాయండి. మళ్లీ ఎలా కలిశారో మాత్రం వదిలేయకండి.