లామినేషన్ చేసిన కార్డు

పదో తరగతి పాసై విజయనగరంలో ఇంటర్ చేరేటప్పుడు, మా నాన్న నా పేరున బ్యాంకు ఖాతా తెరిపించారు. వారం తిరిగేసరికి డెబిట్ కార్డు వచ్చింది. ఆయనకు కోటబొమ్మాళిలో కిరాణా కొట్టు. ఇంటికి ముఖ్యమైనది ఏదొచ్చినా, పక్కనున్న జెరాక్సు షాపులో లామినేషన్ చేయించందే ఆయనకు నిద్రపట్టదు. రేషన్ కార్డు, నా మార్కుల లిస్టు, ఆఖరికి చుట్టాల పెళ్లిళ్ల శుభలేఖలు కూడా. నా కార్డుకీ ఆ మర్యాద చేయించి, నన్ను హాస్టల్లో దింపి వెళ్లారు.

ఏటీఎంలో అది దూరలేదు. వెనక లైనులో జనం చూస్తుండగా బయటికొచ్చి ఫోన్ చేశాను.

"నాన్నా, కార్డు మిషన్లోకి ఎల్తం లేదు."

"డబ్బులు కాతాలోనే ఉన్నాయి కదా?"

"ఉన్నాయి."

"మరేటి నీ బాధ?"

ఒళ్లు మండి, బ్లేడుతో ఆ ప్లాస్టిక్కు ఊడబీకాను. కార్డు వెనకున్న నల్లపట్టీ కూడా దానితోపాటే ఊడొచ్చింది.

మళ్లీ దరఖాస్తు పెడితే, రెండో కార్డు కోటబొమ్మాళి ఇంటికి వచ్చింది. ఆ రోజు నాన్నే హాస్టల్‌కి ఫోన్ చేశారు.

"ఈపాలి లామినేషన్ సెయించలేదమ్మా. బీరువాలో ఎట్టి తాళమేసినాను. నువ్వేటీ బెంగెట్టుకోకు."