తలకో నజలపాతం

ఫోనులో ఏ మాటైనా వరుస చివర తప్పుగా విరిగితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నేను రెండో తరగతిలో ఉండగా, ఎక్కడికో చెప్పకుండా నాయన నన్ను బస్సులో తలకోన జలపాతానికి తీసుకెళ్లాడు. దారిలో ఒక గోడ మీద, చోటు చాలక, పైన ‘తలకో’ అనీ కింద ‘నజలపాతం’ అనీ రాసి ఉంది. ‘తలకో’ను గట్టిగా నొక్కి, అక్కడ ఆగి, ఉన్నది ఉన్నట్టే చదివాను.

“తలకొకటి ఇస్తారా నాయనా? నజలపాతం అంటే తినేదా?”

బస్సంతా నవ్వింది. అందరికంటే ఎక్కువగా నాయనే నవ్వాడు.

“ఆడ రాసిండేదే కదా సదివినాను,” అన్నాను. ఎవరూ వినిపించుకోలేదు.

బస్సు దిగి జనమంతా వెళ్లిపోయాక నాయన మెల్లగా అన్నాడు. “నీ తప్పేం లేదు పాపా. రాసినోడే యాడబడితే ఆడ ఇరిసేసినాడు.”

నాయన అన్నది నిజమే. కానీ అది బస్సు నిండా జనం ఉన్నప్పుడు అనవలసిన మాట.