తొమ్మిది పళ్ళు, యాభై నాలుగు పళ్ళు

ముప్ఫై ఏళ్ళు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పాను. నా చేత్తో ఒక్క బోల్టు విప్పి ఎరగను. ఈ సంగతి ముందే ఒప్పుకుంటే మా ఎదురింటి మోహన గురించి చెప్పడం సులువవుతుంది.

మోహన మా బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మెషిన్లు బాగుచేసే పని చేస్తుంది. మొదట చేరింది మాత్రం కాయలేరే పనికి. కదిలే బెల్టు మీద కాయలు పోతుంటే కుళ్ళినవి తీసి పారేయాలి. బెల్టు మరీ వేగంగా తిరిగేది, ఆడవాళ్ళ చేతులు అందుకోలేకపోయేవి. ఒక కుళ్ళు కాయ కళ్ళు గప్పి పోయిందంటే ఆ రోజుకు తిట్లే తిట్లు. కాస్త నిదానం చేయమంటే ఫిట్టరు దొరస్వామి నవ్వి ఊరుకున్నాడు. మోహన ఊరుకునే రకం కాదు. మధ్యాహ్నం అన్నం గంటలో మోటారు పక్కన చతికిలబడి, చైను తిరిగే చక్రాలకు ఎన్నెన్ని పళ్ళున్నాయో లెక్కపెట్టింది.

"దొరస్వామన్నా, మోటారు చక్రానికి పద్నాలుగు పళ్ళుండాయి. పన్నెండుండేది ఎయ్యి. ఏడో వంతు వేగం తగ్గతాది" అంది.

దొరస్వామి పాపం మంచివాడు. నవ్వు ఆపి ఆ చక్రమే వేశాడు. మరుసటి సీజనుకు ఆమెను తన పనిలోకి మార్పించుకున్నాడు కూడా. ఇది జరిగి ఎనిమిదేళ్ళు.

పోయిన ఫిబ్రవరిలో మోహన కూతురు లోహిత చదివే బళ్ళో పిల్లలకు కరెంటు బండ్ల పోటీ పెట్టారు. చిన్న బండ్లు, ఒక్కరు కూర్చునేవి, నేలకు జానెడెత్తులో ఉండేవి. మొత్తం ఏడు. మోటారు, బ్యాటరీ అందరికీ ఒకటే. చైను చక్రాలు మాత్రం ఎవరివి వారే ఎంచుకుని వేసుకోవాలి. పావుగంటలో నాలుగు చుట్లు తిరగాలి. మైదానం అంచున గుట్ట లాంటి మిట్ట ఒకటి ఉంది, ప్రతి చుట్టులోనూ దాన్ని ఎక్కాలి. దారిలో ఎవరి చేయి బండి మీద పడినా ఆ బండి పోటీలో లేనట్టే.

చక్రాలు ఎంచే పని లోహిత తండ్రి గుణశేఖర్ నెత్తికెత్తుకున్నాడు. అతను మోపెడ్ మీద మామిడికాయల క్రేట్లు తోలే మనిషి. లోడు లాగాలంటే పెద్ద చక్రం వేయాలన్నది మా వైపు మోపెడ్ల వాళ్ళకు వేదం. అది నిజమే, కాని వాళ్ళు మార్చేది వెనక ఉండే చైను చక్రాన్ని. గుణశేఖర్ ఆ పెద్దదాన్ని తెచ్చి మోటారుకు బిగించాడు. అక్కడ పెద్దదైతే వేగం పెరుగుతుంది, లాగే బలం తగ్గుతుంది.

"ఉండబ్బా, నేనొకసారి సూస్తా" అంది మోహన.

"ఇది మీ బెల్టు కాదుమే, బండి" అన్నాడతను.

పెరటి చెట్టు మందుకు పనికిరాదు గదా. అతన్ని అని ఏం లాభం, నన్నడిగితే నేనూ భేష్ అన్నాను! ముప్ఫై ఏళ్ళ చదువు ఏ గంగలో కలిసిందో నాకే తెలియదు.

పోటీకి వారం ముందు బళ్ళో అందరి చేతా ఒకసారి తోలించి చూశారు. చదునులో లోహిత బండి గాల్లో తేలినట్టు పోయింది. మిట్ట సగంలో మూలిగి, ఆగి, వెనక్కి జారింది. ఇద్దరు పిల్లలు నవ్వుతూ వచ్చి పైకి నెట్టారు. పదేళ్ళ పిల్లకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి బండి వైపు చూడలేదు, అన్నం ముట్టలేదు.

"నెట్టించుకునే బండి నేనెక్కనుమా" అంది.

మోహన అప్పుడే డ్యూటీ నుంచి వచ్చింది. చైను మీద చేయి పెట్టి పళ్ళు లెక్కపెట్టింది. మోటారుకు పదిహేను, వెనక నలభై అయిదు.

"మోటారు మూడు సుట్లు తిరిగితే బండి చక్రం ఒక సుట్టు. ఇంత సిన్న మోటారుకు అంత బరువు పెడితే యాడ లాగతాది?" అని కూతురి వైపు తిరిగింది. "వచ్చే ఆదివారం నిన్ను ఎవురూ నెట్టరు. నేను సెప్తా ఉండా గదా."

మర్నాడే చిత్తూరు వెళ్ళి, పాత ఎలక్ట్రిక్ స్కూటర్ల సామాను అమ్మే కొట్లో అయిదు చైను చక్రాలు ఏరుకొచ్చింది. లోహితను తూచి, అంతే బరువుకు రాగుల మూట కట్టి సీట్లో కూర్చోబెట్టింది. హైవే పక్క ఏటవాలు రోడ్డు మీద ఆ మూటకు సారథ్యం వహించింది గుణశేఖరే. పక్కన పరిగెత్తుతూ తాడుతో హ్యాండిలు తిప్పాడు. ఊరంతా నవ్వింది, నేనూ నవ్వాను. మోహన నవ్వలేదు.

మొదట మోటారుకు తొమ్మిది పళ్ళది, వెనక అరవై మూడు పళ్ళది వేసింది. మేకపిల్లలా ఎక్కింది గాని, నాలుగు చుట్లకు లెక్కగడితే పదిహేడు నిమిషాలు తేలింది. ముందు పదకొండు, వెనక యాభై అయిదు వేస్తే వేగం వచ్చింది, కాని మోటారు మీద చేయి పెడితే పది లెక్కపెట్టేలోపే చుర్రుమంది. చివరకు ముందు తొమ్మిది, వెనక యాభై నాలుగు. పద్నాలుగున్నర నిమిషాలు. మోటారు వెచ్చగా ఉంది, అంతే.

"మిగిలినోళ్ళు ముందుకు పోయేస్తారుమే. ఒక పల్లు పెంచు" అన్నాడు గుణశేఖర్.

"పోనీ. మిట్ట కాడ సూద్దాం" అని బోల్టు బిగించేసింది.

ఆదివారం మిట్ట దగ్గర విజిలిచ్చి నన్ను నిలబెట్టారు. ఆగిన బండ్లను నెట్టి పైకి చేర్చడం నా పని. చదునులో లోహితను ఆరుగురూ దాటిపోయారు. జనానికి అడ్డంగా కట్టిన తాడు అవతల గుణశేఖర్ తల పట్టుకున్నాడు. రెండో చుట్టులో ఒక బండి, మూడో చుట్టులో రెండు బండ్లు మిట్ట సగంలో చచ్చాయి, నెట్టాను. లోహిత మాత్రం మూడుసార్లూ నా ముందు నుంచే గుర్రుమంటూ ఎక్కిపోయింది.

నాలుగో చుట్టుకు బ్యాటరీ నీరసించింది. మిట్ట సగానికొచ్చేసరికి బండిది చీమ నడక. ఆగిందా కదిలిందా అన్నది కూడా తెలియడం లేదు.

"సారూ, జారతాది! పట్టుకోండి!" అని అరిచాడు గుణశేఖర్.

నా చేయి దానంతటదే సీటు వెనక్కి పోయింది. ఇంకో బెత్తెడు దూరం.

"ముట్టుకోవద్దు సార్!" లోహిత తల తిప్పకుండా అరిచింది. "ఎక్కతాది! మా అమ్మ ఏసిన చక్రాలు!"

నేను రెండు చేతులూ వెనక్కి కట్టుకుని ఆ బండి పక్కనే నడిచాను. జానెడు, మరో జానెడు. ముందు చక్రాలు మిట్ట నెత్తిన ఆనాయి. పోటీ పూర్తి చేసిన నలుగురిలో ఆఖరున వచ్చిందా పిల్ల. బండి దిగి తిన్నగా తల్లి దగ్గరికి పరిగెత్తి, "ఎవురూ నెట్టలేదుమా, ఎవురూ!" అంది. మోహన పిల్ల చేయి పట్టుకుని, మోటారు ఎంత వేడెక్కిందో చూడ్డానికి బండి దగ్గరికి నడిచింది.