డొల్ల గోడ కోసం అమోసు వేట

బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో ఉండే అమోసు తాత తట్టి చూడకుండా దేన్నీ నమ్మడు. గనిలో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. అక్కడ షిఫ్టు మొదలుకాగానే నెత్తిమీది బండను ఇనుప కడ్డీతో తట్టాలి. ఖంగుమంటే గట్టిది. బద్దుమంటే డొల్ల, పరుగెత్తాలి. గని మూతబడి ఇరవై ఏళ్లు దాటినా కడ్డీ ఆయన చేయి వదల్లేదు. పుచ్చకాయను తడతాడు, బస్సు టాపును తడతాడు. ఓసారి పెళ్లిచూపులకొచ్చిన కుర్రాడి బుర్ర కూడా తట్టి, "గట్టిదే, పిల్లనిచ్చేయండమ్మా" అన్నాడు.

పక్కింటి మోనికాకు తాతంటే ప్రాణం, ఆ చప్పుడంటే తలనొప్పి. సివిల్ ఇంజనీరింగ్ ముగించి మూడేళ్లయింది. రైలెక్కి బెంగళూరులో ఇరవై మూడు ఆఫీసుల మెట్లెక్కింది. అందరిదీ ఒకటే ప్రశ్న: "అనుభవం ఉందా?" ఉద్యోగమిస్తే కదా అనుభవం! చివరికి పురుషోత్తమ్ బట్టల కొట్లో బిల్లులు రాస్తోంది. కాలు నిలవదు, చేయి ఊరుకోదు. బిల్లుల వెనక దూలాలూ స్తంభాలూ గీస్తుంది.

మూడు నెలలుగా తాత మరీ రెచ్చిపోయాడు. బజారులో ఒక్క గోడనూ వదలడం లేదు. ఓ మధ్యాహ్నం కడ్డీతో కొట్లోకే వచ్చాడు. టక్. టక్. బద్.

"పురుషోత్తమ్, ఈ గోడ డొల్లగా ఉండాది."

"యాడప్పా? పోయినేడే రంగేయించినానే!"

"రంగుకేమి తెలుసు? ఇంజనీరుకు చూపించు."

"ఇంజనీరును యాడ నుంచి తెచ్చేది?"

"నీ బిల్లులు రాసేది ఎవరనుకున్నావు?"

మోనికా పెన్ను పడేసి లేచింది. చీరల మూటలు జరిపించి చూసింది. వెనక పైపు కారి, నీళ్లు గోడలోకి దిగి ఇటుకల మధ్య గారను తినేశాయి. మేడ బరువంతా ఆ గోడ మీదే. ఏం చేయాలో రాసి, ఇంజనీరుగా మొట్టమొదటి సంతకం పెట్టింది. హడలిపోయిన పురుషోత్తమ్ మరమ్మతు పనంతా ఆమెకే అప్పగించాడు.

సాయంత్రం తాతను నిలదీసింది.

"ఈ తట్టుడంతా నాకోసమేనా తాతా?"

"లేకుంటే నాకేమన్నా పిచ్చా?"

వీధంతా అనుకునేది అదే.

"మరి మూడు నెలలెందుకు? మొదటి రోజే ఏదో ఒక గోడ డొల్లనేసుంటే సరిపోయేది కదా!"

"అబద్ధం చెప్తే పని దొరుకునమ్మా. నీ సంతకానికి విలువ పోవును. నిజంగా చెడిన గోడ దొరకల్ల కదా! ఎంత గట్టిగా కట్టినారో ఈ బజారోళ్లు, పాపాత్ములు!"

మోనికా పకపకా నవ్వి కొలతల టేపు చేతికి తీసుకుంది.

"ఇంగ రెండోది యాడ తాతా?"

"మన చర్చిలో. పాస్టరయ్యతో మాత్రం నువ్వే మాట్లాడు. పోయిన ఆదివారం ప్రసంగం మధ్యలో తట్టినానని నన్ను బయట కూర్చోబెట్టినాడు."